టైల్స్ పని చేయించుకుని మేస్త్రీ మాయం: 60,700 కూలి ఎలా రాబట్టుకోవాలి?

కృష్ణ_ఒడ్డు | 2026 మార్చి 3, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది నాగర్‌కర్నూల్ జిల్లా, కొల్లాపూర్ దగ్గర ఊరు. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. అమ్మానాన్న డిసెంబర్ మొదటి వారంలో హైదరాబాద్ నార్సింగి దగ్గర ఒక అపార్ట్‌మెంట్ సైట్‌కు టైల్స్ పనికి వెళ్లారు. మా ఊరికి తెలిసిన గుంపు మేస్త్రీయే తీసుకెళ్లాడు. నాన్న టైల్స్ పరుస్తాడు, రోజుకు 1,000. అమ్మ మాలు కలిపి అందిస్తుంది, టైల్స్ డబ్బాలు పై అంతస్తులకు మోస్తుంది, ఆమెకు 700 అన్నాడు. వారానికి 2,500 ఖర్చులకు ఇచ్చేవాడు, సంక్రాంతికి ఒక 5,000 ఇచ్చాడు. మిగతాదంతా పని అయ్యాక ఒకేసారి లెక్క చూసుకుందాం అన్నాడు.

ఫిబ్రవరి మూడో వారంలో పని అయిపోయింది. అప్పటి నుంచి ఫోన్ ఎత్తలేదు, ఇప్పుడు స్విచాఫ్ వస్తోంది. సైట్ ఆఫీసులో అడిగితే "మేం మేస్త్రీకి ఇచ్చేశాం, మీరెవరో మాకు తెలియదు" అన్నారు. పోలీస్ స్టేషన్‌కు పోతే లేబర్ ఆఫీసుకు పొమ్మన్నారు. లేబర్ ఆఫీస్ ఎక్కడుంటుందో, అక్కడ ఎవరిని అడగాలో మాకు తెలియదు.

మా దగ్గర కాగితం ఒక్కటి కూడా లేదు. నాన్న రాసుకున్న నోట్‌బుక్ మాత్రం ఉంది. నాన్న లెక్కలో ఆయనకు 53న్నర రోజులు, అమ్మకు 46 రోజులు. మొత్తం 85,700. తీసుకున్నది 25,000. రావాల్సింది 60,700. నా ఫీజు కూడా ఇందులోంచే కట్టాలి. రెండు వారాలుగా ఇంట్లో ఒకటే టెన్షన్. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్_ఏఎల్ఓ | మార్చి 3, రాత్రి 10:30

తల్లీ, కాగితం లేదని భయపడొద్దు. 31 ఏళ్లు లేబర్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను. కూలి రాలేదని నా టేబుల్ ముందుకు వచ్చిన భవన కార్మికుల్లో నియామక పత్రం పట్టుకుని వచ్చినవాళ్లు ఒక్కరు కూడా గుర్తులేరు. వాళ్లలో చాలామందికి డబ్బు వచ్చింది.

పాత కనీస వేతనాల చట్టం, వేతన చెల్లింపు చట్టం స్థానంలో వేతనాల కోడ్ 2019 అనే కొత్త చట్టం వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. మీ అమ్మానాన్న పని డిసెంబర్‌లో మొదలైంది కాబట్టి మీకు ఇదే వర్తిస్తుంది. అందులో మీకు పనికొచ్చేవి చెబుతాను. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే, ఆ పని ఏ సంస్థలో జరిగిందో ఆ సంస్థ యజమాని ఇవ్వాలి. ఇది సెక్షన్ 43. "మేం మేస్త్రీకి ఇచ్చేశాం" అనే మాట బిల్డర్‌కూ మేస్త్రీకీ మధ్య తేల్చుకోవాల్సిన సంగతి. మీ కూలికి అది అడ్డం కాదు. రెండోది సెక్షన్ 59. కూలి ఇవ్వలేదని కార్మికుడు దావా వేస్తే, ఇచ్చామని రుజువు చూపించాల్సిన బాధ్యత యజమానిది.

ఒక్క జాగ్రత్త. కూలి ఇచ్చామని వాళ్లు రుజువు చేసుకోవాలి సరే, అసలు అక్కడ పని చేశామని ముందు మీరు చూపించాలి. కాబట్టి రేపు పొద్దున్నే ఆ నోట్‌బుక్ ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. సైట్ గేటు దగ్గర రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్, బిల్డర్ పేరు ఉన్న బోర్డు ఉంటుంది, దాని ఫోటో కూడా కావాలి. ఖర్చుల డబ్బు చేతికిచ్చాడా, ఫోన్‌పే చేశాడా? ఫోన్‌పే అయితే అదే గట్టి సాక్ష్యం.

సైట్_సూపర్‌వైజర్ | మార్చి 3, రాత్రి 11:15

పన్నెండేళ్లుగా సైట్లలోనే ఉన్నాను కాబట్టి లోపలి సంగతి చెబుతాను. మేస్త్రీకి టైల్స్ పని చదరపు అడుగుల లెక్కన ఇస్తారు. పదిహేను రోజులకో నెలకో బిల్లు పెడతాడు. ప్రతి బిల్లులో కొంత డబ్బు ఆపి పెడతారు, దాన్నే హోల్డ్ అంటారు. ఎక్కడ టైల్ లేచినా, కింద బోలుగా మోగినా సరిచేశాకే ఆ హోల్డ్ వదులుతారు. పని అయిపోయి రెండు వారాలే అయింది కాబట్టి "ఇచ్చేశాం" అన్నది పూర్తి నిజం కాకపోవచ్చు. మేస్త్రీ హోల్డ్ డబ్బు ఇంకా బిల్డర్ దగ్గరే ఉండే అవకాశం ఎక్కువ. అధికారి ముందు ఆ ప్రశ్న అడగండి: మేస్త్రీ చివరి బిల్లు ఎంత, హోల్డ్ ఎంత?

ఇక సాక్ష్యాలు. గేటు దగ్గర వాచ్‌మన్ రోజూ రాసే ఎంట్రీ పుస్తకం ఉంటుంది. పెద్ద సైట్లలో ముఖం స్కాన్ చేసే హాజరు యంత్రం ఉంటుంది, మొదటి రోజు ఆధార్ జిరాక్స్ తీసుకుని పాస్ ఇస్తారు. లేబర్ షెడ్డులో గది ఇస్తే దానికో లిస్టు ఉంటుంది. మీ నాన్నగారు ఏ బ్లాక్, ఏ ఫ్లాట్‌లో టైల్స్ వేశారో చెప్పగలరా? ఎక్కడ ఏ రంగు టైల్, ఏ బాత్‌రూమ్‌లో ముక్క అతుకు పడింది అని చెప్పగలిగితే, ఆ మనిషి అక్కడ పనిచేయలేదని ఎవరూ అనలేరు.

కృష్ణ_ఒడ్డు | మార్చి 4, ఉదయం 7:20

మీ ఇద్దరి మాటలు నాన్నకు చదివి వినిపించాను. రాత్రి తొలిసారి అన్నం సరిగ్గా తిన్నాడు.

నోట్‌బుక్ గురించి చెప్పాలి. అది నేను మూడో తరగతిలో వాడిన నాలుగు గీతల కాపీ పుస్తకం. ముందు పేజీల్లో నా అక్షరాలు, వెనక నుంచి నాన్న లెక్కలు. ఒక రోజుకు ఒక నిలువు గీత, సగం హాజరుకు పొట్టి గీత, నాగా పెడితే సున్నా. శనివారం పక్కన "2500 ముట్టింది" అని ఉంది. ఫ్లాట్ నంబర్లు కూడా రాశాడు: "బి 604 హాలు", "బి 604 వంటగది". ఏ గది పూర్తయిందో రాసుకోకపోతే మేస్త్రీ అడుగుల లెక్క తక్కువ చూపిస్తాడని ఈ అలవాటట. రెండుసార్లు ఫోన్‌పే వచ్చింది, మిగతావి చేతికిచ్చాడు.

ఒక సమస్య ఉంది. అమ్మ పేరు ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. నాన్న గీత పక్కనే ఇంకో గీత ఉంది, అంతే. గేటు దగ్గర పాస్ కూడా నాన్న ఒక్కడికే ఇచ్చారు. అమ్మను "ఆయన మనిషి" అని రాసుకుని లోపలికి పంపేవారట.

రిటైర్డ్_ఏఎల్ఓ | మార్చి 4, ఉదయం 8:05

ఫ్లాట్ నంబర్లు రాసుకున్న మీ నాన్నగారికి నమస్కారం చెప్పమ్మా. అది మామూలు విషయం కాదు.

అమ్మగారి సంగతికి వస్తే, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సర్వీసులో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. జంటగా పనికి వెళ్తారు, హాజరీ మొగుడి పేరు మీద పడుతుంది, లెక్క తేల్చే రోజు ఆమె పని "సాయం" అయిపోతుంది. చట్టంలో జంట అనే మాట లేదు. ఆమె వేరే కార్మికురాలు, ఆమె కూలి వేరే కూలి. అర్జీలు రెండు రాయండి. ఆయన పేరున 53,500, ఆమె పేరున 32,200. ఒకే అర్జీలో కలిపితే సెటిల్‌మెంట్ బేరంలో ముందు తెగ్గోసేది ఆమె డబ్బే. రెండో గీత ఎవరిది అని అధికారి అడుగుతాడు. ఆ జవాబు ఆమె నోటితోనే రావాలి. ఏ బ్లాక్‌లో ఎన్ని అంతస్తులు మోసింది, లిఫ్ట్ ఎప్పటి నుంచి వాడనిచ్చారు, ఇసుక ఎక్కడ జల్లించింది అన్నీ ఆమే చెప్పాలి.

గుంపు_మేస్త్రీ_కొడుకు | మార్చి 4, మధ్యాహ్నం 1:50

నాకు ఒక మాట చెప్పాలనిపించింది. మా నాన్న మేస్త్రీ. 2019లో ఒక బిల్డర్ ఆయనకు నాలుగు లక్షలకు పైగా ఎగ్గొట్టాడు. ఇరవై రెండు మంది కూలీలు మా ఇంటి ముందు కూర్చున్నారు. అందరూ మా ఊరివాళ్లే, చుట్టాలే. నాన్న ఎకరం పొలం కుదువపెట్టి ముందు కూలీలకు ఇచ్చాడు, తర్వాత రెండేళ్లు ఫోన్ ఎత్తాలంటే భయపడ్డాడు. ఈ మేస్త్రీ చేసింది తప్పే, కాదనను. కానీ అతని పైవాడు అతనికి ఇచ్చాడో లేదో కూడా తెలుసుకోండి.

సైట్_సూపర్‌వైజర్ | మార్చి 4, మధ్యాహ్నం 2:30

అన్నా, మీరు చెప్పింది నిజం. నేను కళ్లారా చూశాను. మీ నాన్నగారి లాంటివాళ్లు నష్టపోయేది కూడా పైనున్న యజమాని కాగితం మీద కనపడకుండా ఉండటం వల్లే. అందుకే అర్జీలో మేస్త్రీనీ, బిల్డర్‌నూ ఇద్దరినీ ఎదుటి పార్టీలుగా పెట్టాలి. బిల్డర్ ఇవ్వలేదని మేస్త్రీ వచ్చి చెబితే అది కూలీలకు ఇంకా మంచిదే.

విజయనగరం_వలస | మార్చి 4, సాయంత్రం 6:12

అడగకూడని చోట అడుగుతున్నానేమో, క్షమించండి. మా అన్నయ్య చెన్నైలో సెంట్రింగ్ పనికి వెళ్లాడు. 2024 జూన్‌లో నాలుగో అంతస్తు నుంచి జారిపడి చనిపోయాడు. 35 ఏళ్లు. వదిన, ఇద్దరు చిన్నపిల్లలు. శవంతో పాటు కాంట్రాక్టర్ మనిషి వచ్చాడు. ఊరి పెద్దల ముందు రెండున్నర లక్షలు ఇచ్చి, "ఇక మాకు ఏ సంబంధం లేదు" అని స్టాంపు కాగితం మీద వదినతో వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ రోజు వదినకు స్పృహే సరిగా లేదు. ఆ కాగితం ఉంది కాబట్టి ఇక ఏమీ చేయలేమని అందరూ అంటున్నారు. నిజమేనా?

లేబర్_కోర్టు_లాయర్ | మార్చి 4, రాత్రి 8:40

నిజం కాదు. దయచేసి ఇది చివరిదాకా చదవండి, మీకు సమయం తక్కువ ఉంది.

ప్రమాదం 2024లో జరిగింది కాబట్టి 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టమే వర్తిస్తుంది. ఆ చట్టంలో మరణానికి ఇచ్చే పరిహారం నేరుగా కుటుంబం చేతికి ఇస్తే చెల్లదు. నష్టపరిహార కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి, ఆయన పంచిపెడతాడు. ఇలా విధవరాళ్ల చేత వేలిముద్రలు వేయించుకోవడాన్ని అడ్డుకునేది ఆ నిబంధనే. హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం కూడా చట్టం ముందు చెల్లదు.

లెక్క ఇలా ఉంటుంది. నెల కూలిలో సగం తీసుకుని, వయసును బట్టి చట్టంలో ఇచ్చిన అంకెతో గుణిస్తారు. కూలి ఎంత ఉన్నా 2020 జనవరి నుంచి నెలకు 15,000 దాకానే లెక్కిస్తారు. సెంట్రింగ్ కార్మికుడికి అంతకంటే ఎక్కువే వస్తుంది కాబట్టి 15,000 అనుకుందాం, సగం 7,500. 35 ఏళ్లకు అంకె 197.06. గుణిస్తే 14,77,950 రూపాయలు. దీనిపై 12 శాతం వడ్డీ కూడా అడగవచ్చు. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమాని నుంచి రాబట్టవచ్చు.

గడువు మరణించిన రోజు నుంచి రెండేళ్లు. అంటే ఈ జూన్. చెన్నై వెళ్లాల్సిన పని లేదు, మీ వదినగారు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. పోలీస్ ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, పిల్లల ఆధార్ కార్డులు పట్టుకుని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు అక్కడ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. ఫోన్ నంబర్ 15100.

విజయనగరం_వలస | మార్చి 4, రాత్రి 9:05

వదినకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ కాగితం చెల్లదా?" అని మూడుసార్లు అడిగింది. సోమవారం వెళ్తున్నాం సార్.

అడ్డా_మీద | మార్చి 5, ఉదయం 5:30

నేను రోజూ పొద్దున్న అడ్డా మీద నిలబడతాను. ఈరోజు ఒకాయన తీసుకెళ్తాడు, రేపు ఇంకొకాయన. సాయంత్రం 800 చేతిలో పెడతానని చెప్పి 500 ఇచ్చి బండి తీసుకుని పోతాడు. 300 కోసం లేబర్ ఆఫీసుకు పోతే రెండు రోజుల కూలి పోతుంది. మాలాంటివాళ్లకు చట్టం ఎందుకు?

యూనియన్_రాములు | మార్చి 5, ఉదయం 9:10

తమ్ముడూ, నీ ప్రశ్నే అన్నిటికన్నా కష్టమైంది. ఒక్కడివి 300 కోసం తిరగలేవు, నిజం. కానీ కోడ్‌లో దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంది. పాత కనీస వేతనాల చట్టంలో ఆరు నెలలే. అర్జీ కార్మికుడే వేయాలని లేదు, రిజిస్టర్ అయిన యూనియన్ వేయవచ్చు. మా దగ్గర చేసేది ఇదే: అడ్డా మీద పదిహేను మంది ఒకే మనిషి పేరు చెబితే పదిహేను బాకీలు కలిపి ఒకే అర్జీ. వాళ్లు పనికి పోతారు, ఆఫీసుకు మేం పోతాం. బండి ఎక్కేముందు బండి నంబర్, ఇంటి గేటు ఫోన్‌లో ఫోటో తీయమని అందరికీ చెబుతాం. దానికి ఒక్క నిమిషం చాలు.

నువ్వు భవన నిర్మాణ కార్మిక సంక్షేమ బోర్డులో కార్డు తీసుకున్నావా? 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు పనిచేస్తే అర్హుడివి. ఇళ్లు, అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ల దగ్గర నిర్మాణ ఖర్చులో సెస్ వసూలు చేసేది ఈ బోర్డు కోసమే. 1996లో ఆ చట్టం వచ్చింది. ప్రమాదంలో పోయినా, ఆడబిడ్డ పెళ్లయినా, కాన్పు అయినా బోర్డు నుంచి సాయం వస్తుంది. ఆ డబ్బు మీది, అయినా కార్డు లేనివాళ్లు అడ్డా మీద ఎంతమందో.

చీరల_కౌంటర్ | మార్చి 5, మధ్యాహ్నం 3:25

షాపులో చేసేవాళ్ల గురించి కూడా అడగవచ్చా? పొద్దున పదిన్నర నుంచి రాత్రి పదింటి దాకా నిలబడే ఉంటాం. కస్టమర్ లేనప్పుడు కూడా కూర్చోనివ్వరు. ఆదివారం కూడా ఉంటుంది. కాళ్ల నరాలు ఉబ్బి మందులు వాడుతున్నాను.

లేబర్_కోర్టు_లాయర్ | మార్చి 5, సాయంత్రం 7:15

అమ్మా, మీది తెలంగాణ అయితే మీకు 1988 నాటి షాపులు, సంస్థల చట్టం ఉంది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, వారంలో ఒక రోజు సెలవు. అంతకు మించి చేయిస్తే రెట్టింపు కూలి ఇవ్వాలి. కూర్చునే హక్కు కోసం కేరళలో చీరల షాపుల మహిళలే ఏళ్లతరబడి పోరాడారు. 2018లో కేరళ చట్టం మార్చింది, 2021లో తమిళనాడు మార్చింది. వృత్తి భద్రత కోడ్ 2020లో కూడా నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు చేయాలన్న మాట ఉంది. పేరు బయటపడుతుందని భయమైతే యూనియన్ ద్వారా ఫిర్యాదు ఇప్పించండి.

పెద్దపల్లి_టీచర్ | మార్చి 5, రాత్రి 9:50

అడ్వాన్స్ గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నాను. రెండు సీజన్లు ఇటుక బట్టీల దగ్గర ఒడియా పిల్లలకు పాఠాలు చెప్పాను. బలంగీర్, నువాపడా వైపు నుంచి వస్తారు. పండుగ ముందు అక్కడ ఏజెంటు కుటుంబానికి కొంత అడ్వాన్స్ ఇస్తాడు. ఇక్కడికి వచ్చాక వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. పిల్లలు మట్టి ముద్దలు చేస్తారు, వాళ్ల చేతులు లెక్కలోకి రావు. ఒకసారి ఒక తల్లికి జ్వరం ఎక్కువైంది, ఊరికి పోతానంది. అడ్వాన్స్ తీరేదాకా గేటు దాటొద్దన్నారు.

అప్పు చూపించి మనిషిని ఆపడం వెట్టి. 1976 చట్టం దాన్ని రద్దు చేసింది, కొత్త కార్మిక కోడ్‌లు వచ్చినా ఆ చట్టం అలాగే ఉంది. ఆ అప్పు కూడా రద్దయిపోతుంది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయే అని సుప్రీంకోర్టు 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో చెప్పింది. ఇలాంటిది కనపడితే లేబర్ ఆఫీసుతో ఆగొద్దు. కలెక్టర్‌కో ఆర్డీవోకో రాతపూర్వకంగా ఇవ్వండి. విడుదల పత్రం ఇచ్చేది వాళ్లే.

యూనియన్_రాములు | మార్చి 6, ఉదయం 8:00

కోడ్‌లలో మేలు మాత్రమే ఉందని ఇక్కడ చదివినవాళ్లు అనుకోకూడదు. కాంట్రాక్ట్ లేబర్ చట్టం ఇంతకుముందు 20 మంది ఉన్న చోట వర్తించేది. ఇప్పుడు 50. నాకు తెలిసి టైల్స్ గుంపు, సెంట్రింగ్ గుంపు పదిహేను నుంచి ముప్ఫై మంది. అంటే ఆ గుంపు మేస్త్రీలలో చాలామందికి లైసెన్స్ అక్కర్లేకుండా పోయింది. లైసెన్స్ ఉంటే డిపార్ట్‌మెంట్ దగ్గర అతని అడ్రస్ ఉండేది, ఫోన్ స్విచాఫ్ చేసినా దొరికేవాడు. ఇన్‌స్పెక్టర్ పేరు కూడా "ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్" అయింది. నాకు ఇది కార్మికుడి కోసం చేసిన మార్పుగా అనిపించడం లేదు.

రిటైర్డ్_ఏఎల్ఓ | మార్చి 6, ఉదయం 9:30

50 సంఖ్య గురించి రాములు గారితో నేను ఏకీభవిస్తాను. ఇరవై ఉన్నప్పుడే పద్దెనిమిది మందిని చూపించి తప్పించుకునేవారు. కానీ మన అమ్మాయి కేసుకు ఆ లైసెన్స్ అడ్డం రాదు. వేతనాల కోడ్‌కు మనుషుల సంఖ్యతో పని లేదు, ఒక్కరున్నా వర్తిస్తుంది. రాష్ట్రంలో కొత్త రూల్స్, అధికారుల మార్పులు సాగుతున్న దశలో అర్జీ ఎవరు తీసుకోవాలని ఆఫీసులో తటపటాయించవచ్చు. "తీసుకోం" అంటే ఒప్పుకోకండి. రెండు కాపీలు పట్టుకెళ్లి, ఒకదాని మీద తేదీ ముద్ర వేయించుకోండి. ముద్ర పడని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

కృష్ణ_ఒడ్డు | మార్చి 9, సాయంత్రం 5:15

ఈరోజు వెళ్లాం. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో అడిగితే మా సైట్ ఏ సర్కిల్ కిందకు వస్తుందో చెప్పి అక్కడికి పంపించారు. మొదట ఒకే అర్జీ చాలు అన్నారు. నేను రెండు రాసుకొచ్చాను సార్ అని చెప్పి నిలబడ్డాను. రెండూ తీసుకున్నారు, రెండు కాపీల మీదా ముద్ర వేశారు. అమ్మ తన అర్జీ మీద తనే సంతకం చేసింది. సంతకం పెట్టడం ఆమెకు ఉపాధి హామీ పనిలో వచ్చింది. మార్చి 24న రమ్మని ఎదుటివాళ్లకు నోటీసు పంపుతామన్నారు.

కృష్ణ_ఒడ్డు | మార్చి 24, రాత్రి 8:30

మేస్త్రీ రాలేదు. బిల్డర్ తరఫున ఒక మేనేజర్ వచ్చాడు. మొదట "వీళ్లు మా సైట్‌లో పని చేసినట్టు రికార్డు లేదు" అన్నాడు. అధికారి నాన్న నోట్‌బుక్ తీసుకుని మెల్లగా పేజీలు తిప్పాడు. బి 604 వంటగదిలో ఏముంది అని అడిగాడు. నాన్న వెంటనే చెప్పాడు: "సింకు కింద మూలకు టైల్ సరిపోలేదు, రెండు వేళ్ల ముక్క కోసి అతికిచ్చిన సార్. అది ఇప్పటికీ ఉంటది." మేనేజర్ ఏమీ అనలేదు. గేటు పుస్తకం తేవాలని అధికారి చెప్పాడు.

తర్వాత అమ్మను అడిగాడు. నువ్వేం చేశావమ్మా అంటే, అమ్మకు మొదట మాట రాలేదు. నాన్న చెప్పబోతే అధికారి ఆపాడు. కాసేపటికి అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. జనవరి మొదటి వారం దాకా లిఫ్ట్ లేదు, ఆరో అంతస్తుకు టైల్స్ మెట్ల మీదుగానే మోసింది. ఒక్కో డబ్బా ఎంత బరువో, ఎక్కడ దించి అలుపు తీర్చుకునేదో, నీళ్లు ఏ అంతస్తు నుంచి తెచ్చుకునేదో అన్నీ చెప్పింది. అధికారి రాసుకుంటూనే ఉన్నాడు. మా అమ్మ ఒక ఆఫీసులో అంతసేపు మాట్లాడటం నేను ఎప్పుడూ చూడలేదు.

సూపర్‌వైజర్ అన్న చెప్పిన ప్రశ్న అడిగాను: మేస్త్రీ హోల్డ్ ఎంత ఉంది? మేనేజర్ ఫోన్ చేసి కనుక్కుని, కొంత ఉంది అన్నాడు. ఎంతో చెప్పలేదు. ఏప్రిల్ 7కి వాయిదా.

సైట్_సూపర్‌వైజర్ | మార్చి 24, రాత్రి 9:00

"కొంత ఉంది" అని అధికారి ముందు ఒప్పుకున్నాక ఇక వెనక్కి పోలేరు. ఈలోగా ఎవరైనా ఫోన్ చేసి "పది వేలు తీసుకుని అర్జీ వాపసు తీసుకోండి" అంటే ఫోన్‌లో ఏమీ ఒప్పుకోవద్దు. ఏదైనా అధికారి ముందే మాట్లాడదాం అనండి.

కృష్ణ_ఒడ్డు | ఏప్రిల్ 7, రాత్రి 7:40

అన్నా, మీరన్నట్టే ఫోన్ వచ్చింది. ఇరవై వేలు అన్నారు. ఆఫీసులోనే మాట్లాడదాం అన్నాను.

ఈరోజు గేటు పుస్తకం తెచ్చారు. నాన్న పేరు ఉంది, పక్కన "+1" అని ఉంది. రోజూ అదే. ఆ "+1" ఎవరని అధికారి అడిగితే మేనేజర్ "ఆయన భార్య" అన్నాడు. అది అధికారి రాసుకుని మేనేజర్ సంతకం తీసుకున్నాడు.

మొత్తం 60,700 ఇస్తామని ఒప్పుకున్నారు. ఖర్చుల డబ్బు 25,000 ఎవరి ఖాతాలో తగ్గించాలి అన్న ప్రశ్న వచ్చింది. మేనేజర్ అంతా అమ్మ లెక్కలో తగ్గిద్దాం అన్నాడు, ఆమెకు 7,200 మిగులుతుంది. ఆ డబ్బుతో ఇద్దరూ తిన్నారు కదా అని అధికారి చెరి సగం చేశాడు. నాన్నకు 41,000, అమ్మకు 19,700. అమ్మ డబ్బు మొత్తం ఈరోజే ఆమె ఉపాధి హామీ ఖాతాలో పడింది. నాన్నకు సగం పడింది, మిగతా 20,500 ఏప్రిల్ 20న ఇస్తామని రాసిచ్చారు.

యూనియన్_రాములు | ఏప్రిల్ 7, రాత్రి 8:20

చాలా సంతోషం అమ్మా. కోడ్ ప్రకారం బాకీకి పది రెట్ల దాకా పరిహారం అడిగే హక్కు ఉంది, మీరు వదిలేశారు. మీ పరిస్థితిలో నేనైనా అదే చేస్తానేమో. ఏప్రిల్ 20న డబ్బు పడకపోతే మాత్రం ఆ హక్కు గుర్తుపెట్టుకో. రాసిచ్చిన కాగితం జిరాక్స్ దగ్గర ఉంచుకో.

విజయనగరం_వలస | ఏప్రిల్ 7, రాత్రి 9:15

మా కేసు కూడా వేశాం. న్యాయసేవా సంస్థ లాయర్‌ను ఇచ్చింది. నంబర్ పడింది. లాయర్ గారికి వదిన నమస్కారాలు చెప్పమంది.

కృష్ణ_ఒడ్డు | ఏప్రిల్ 8, ఉదయం 6:50

ఇంకో సాయం కావాలి. రాములు అంకుల్ చెప్పిన సంక్షేమ బోర్డు కార్డుకు 90 రోజులు చూపించాలి కదా. నాన్నకు పాత సైట్ రోజులు కలిపితే 97 వస్తున్నాయి. అమ్మకు ఈ 46 రోజులే రుజువున్నాయి. అంతకుముందు శంషాబాద్ దగ్గర రెండు నెలలు పనిచేసింది కానీ ఆ పేజీల్లో రెండో గీత కూడా లేదు. ఏం చేయాలి?

రిటైర్డ్_ఏఎల్ఓ | ఏప్రిల్ 8, ఉదయం 7:35

శంషాబాద్ సైట్‌లో మీ అమ్మగారితో పాటు మాలు మోసిన ఆడవాళ్లు ఎవరు? వాళ్ల ఊర్లు, ఫోన్ నంబర్లు రాసి పెట్టుకో. ఆ సైట్ సూపర్‌వైజర్ నంబర్ నాన్నగారి దగ్గర ఉంటుంది, ఈ ఆదివారం ఇద్దరినీ తీసుకుని వెళ్లి కలువు, పని చేసినట్టు రాసివ్వమని అడుగు. వాళ్లు ఇవ్వకపోయినా ఫర్వాలేదు. ఇప్పుడు ఉన్న 46 రోజులకు ఇంకో 44 కలవాలి, అంతే. ఈసారి ఎక్కడ పనికి వెళ్లినా మొదటి రోజే గేటు దగ్గర ఆమె పేరుతో వేరే పాస్ అడగమను. ఇవ్వకపోతే ఆ రోజే నాకు ఇక్కడ రాయి.